వెల్లంపల్లి రేవులో 2,222 మంది: ఆ ఒక్క రోజు వెనక పన్నెండేళ్ళు

ఒంగోలు నుంచి ఉత్తరంగా పది మైళ్ళు పోతే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వస్తుంది. 1878 జూలై 3న అక్కడి నీళ్ళలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్రైస్తవంలో ఒక శాఖ అయిన బాప్టిస్టుల ప్రపంచ చరిత్రలో ఈ అంకె తెలియనివాళ్ళు తక్కువ. కానీ అది ఎలా సాధ్యమైందని అడిగితే రెండే జవాబులు వినపడతాయి. నమ్మినవాళ్ళు అద్భుతం అంటారు. నమ్మనివాళ్ళు కరువులో గంజి పోసి కలుపుకున్నారంటారు. రెండు వాదనలూ ఆ ఒక్క రోజునే చూస్తాయి. అసలు సంగతి మాత్రం ఆ రోజుకు ముందు గడిచిన పన్నెండేళ్ళలో ఉంది. ఆ పన్నెండేళ్ళను నడిపిన వాళ్ళలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు అమెరికా నుంచి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ. మరొకరు తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య. మొదటాయన పేరిట ఒంగోల్లో ఆస్పత్రి వెలిసింది. రెండో ఆయన పేరు ఒంగోలు సంఘాల బయట పెద్దగా వినపడదు. ఈ చిక్కుముడి విప్పాలంటే పేరయ్య దగ్గర నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అయితే రంగం ఎలా ఉండేదో ముందు రెండు మాటల్లో చెప్పాలి.

అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చింది 1836లో. నాలుగేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. పదమూడేళ్ళు గడిచినా సంఘం వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంది. దాంతో 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభలో ఈ కేంద్రాన్ని మూసేయాలా అనే చర్చే వచ్చింది. పటంలో తెలుగు మిషన్‌కు ఆ ఒక్క చుక్కే ఉండడంతో దానికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పడింది, మూసేయకుండా ఆపిందీ ఆ పేరే. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జెవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే అంటారు. మనిషి రావడానికి మాత్రం పన్నెండేళ్ళు పట్టింది.

ఆ వచ్చిన క్లౌ 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే బృందాలతో కొలత గొలుసు పట్టుకుని తిరిగారు. ఆ పని నేర్పిన కొలతల విద్య పాతికేళ్ళ తర్వాత ఒంగోలు కరువులో ఎంతగా అక్కరకొచ్చిందో ముందు ముందు చూస్తాం. అయోవాలో చదువుకుని, 1864 చివర ఓడెక్కి, 1865లో మద్రాసులో దిగి, భార్య హారియట్‌తో కలిసి 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆయన ఒంగోలుకు కాపురం మార్చేలోపే పేరయ్య బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలుకు పడమటగా సుమారు నలభై మైళ్ళ దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. తోళ్ళ బేరం కోసం ఉత్తరాన ఏలూరు దాకా వెళ్ళేవారు. ఆ దారిలోనే క్రైస్తవ బోధ విన్నారు. అంతకు ముందే యోగమార్గం చెప్పే గురువుల దగ్గర దీక్ష తీసుకుని, తానూ శిష్యులను చేర్చుకున్న మనిషి. ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. మాదిగపల్లెల్లో మతపరమైన వెతుకులాట పాదిరీలతో మొదలు కాలేదు. గురువు, శిష్యుడు, ఊరూరా తిరుగుతూ చెప్పడం, శిష్యుడి ఇంట భోజనం చేయడం ఇవన్నీ అక్కడ ముందే ఉన్నాయి. పేరయ్య ఆ బాటల్నే వాడుకున్నారు. చుట్టాలూ వియ్యంకులూ తోళ్ళు అమ్మేవాళ్ళూ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోకి నడిచి వెళ్ళి చెప్పారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు దగ్గర డేరా వేసేసరికి, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు నాలుగు రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. అలా వచ్చినవాళ్ళలో 28 మందికి అక్కడే బాప్తిస్మం జరిగింది. వాళ్ళను సిద్ధం చేసింది పేరయ్య. క్లౌ వెళ్ళి వాళ్ళను ప్రశ్నించి, నీళ్ళలోకి దించారు.

తిరిగి ఒంగోలు వచ్చేసరికి అసలు పరీక్ష ఎదురైంది. బ్రాహ్మణ, శూద్ర కుటుంబాల పిల్లలు మిషన్ బడికి వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అని ఆ ఇళ్ళ పెద్దలు చెప్పేశారు. పై కులాలను ముందు గెలిస్తే కింది వాళ్ళు వాళ్ళ వెంట వస్తారనే లెక్క ఆ రోజుల్లో చాలా మిషన్లది. క్లౌ, హారియట్ ఆ రోజు వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనిపించిందని వాళ్ళే చెప్పారు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం: పిలుపు అందుకున్నవాళ్ళలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశాలవాళ్ళు ఎక్కువ మంది లేరనే భాగం. ఆ ఘట్టాన్ని ఎవరెలా అర్థం చేసుకున్నా ఫలితం మాత్రం స్పష్టం. బడిలో పై కులాల పిల్లలు తగ్గారు. మాదిగపల్లెల దారి తెరుచుకుంది.

మూడు నియమాలు, వాటి ఖరీదు

బాప్తిస్మం కోరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. నేడు చదివితే ఇవి భక్తి నియమాల్లా కనిపిస్తాయి. 1870ల పల్లెలో ఈ మూడూ నేరుగా కళ్ళం దగ్గర కొలిచే గింజలకు సంబంధించినవి. ఇది అర్థం కాకపోతే మిగతా చరిత్రంతా అర్థం కాదు.

మాదిగ కుటుంబం రైతుకు కావలసిన తోలు పనంతా చేసేది. కపిల (ఎద్దులతో బావి నీళ్ళు తోడే ఏర్పాటు) తోలడానికి తోలు బాన, తొండం, కాడికి వార్లు, పలుపులు, రైతుకు చెప్పులు అన్నీ వాళ్ళే కుట్టాలి. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం, ఊరి దేవత జాతరలో డప్పు కొట్టడం, కరణం మునసబులు పిలిస్తే వెట్టికి పోవడం కూడా వాళ్ళ వంతే. దీనికి బదులు రోజు కూలీ లేదు. పంట నూర్చిన రోజు కళ్ళంలో మేర, అంటే గింజల్లో వాటా దొరుకుతుంది, చచ్చిన గొడ్డు తోలూ మాంసమూ వాళ్ళవవుతాయి.

ఇప్పుడు ఆ మూడు నియమాలను దీని మీద పెట్టి చూడండి. కోతల రోజుల్లో ఆదివారం రానంటే రైతు మేర ఆపేస్తాడు. గొడ్డు మాంసం ముట్టనంటే ఎండాకాలంలో దొరికే ఒక్క గట్టి తిండీ పోతుంది. గొడ్డును ఈడ్చడానికే రాలేదని ఊరు కోపగిస్తుంది. జాతరకు డప్పు కొట్టనంటే దేవతకు అవమానం చేశాడనే నింద పడుతుంది, ఆ ఏడాది వాన పడకపోయినా పశువులకు రోగం వచ్చినా తప్పు అతనిదే. అందుకే గొడవలన్నీ దేవుడి దగ్గర మొదలు కాలేదు. కపిల బాన చిరిగిన రోజున, జాతర చాటింపు వేసిన రోజున మొదలయ్యాయి. నీళ్ళకు పోనివ్వకపోవడం, మేకలను బీళ్ళలో మేపనివ్వకపోవడం, దొంగతనం కేసు పెట్టించడం, మేర ఎగ్గొట్టడం లాంటివి ఊరి చేతిలో ఎప్పుడూ ఉండే ఆయుధాలు. క్రైస్తవుడు కావడంవల్ల లాభమే తప్ప నష్టం లేదనే వాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇంత ఖరీదు ఉన్నా జనం ఎందుకు వచ్చారు? ఒక కారణం ఏమిటంటే ఎవరూ ఒంటరిగా రాలేదు. పల్లె పెద్ద ఒప్పుకుంటే ఇళ్ళు వరసగా వచ్చేవి. ఒక ఊరి మాదిగపల్లె అంతా ఒకే మాట మీద నిలబడితే ఊరు దిగిరాక తప్పదు, ఎందుకంటే కపిల నడవాలి, చెప్పులు కావాలి. ఒకే ఇంటివాళ్ళు మారితే వాళ్ళను వెలివేసి మిగతావాళ్ళతో పని నడుపుకోవచ్చు. విఫలమైన చోట్ల కనిపించేది ఎక్కువగా ఇదే: ఒకటి రెండు ఇళ్ళు మాత్రమే మారి, బోధకుడు నెలల తరబడి అటు పోకపోవడం. క్లౌ ఈ పెద్దల కట్టుబాటును చెడగొట్టలేదు, దాన్నే సంఘానికి పునాదిగా వాడుకున్నారు. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి ఊరూరి సంగతి చెప్పి, నేర్చుకోవలసింది నేర్చుకుని, మళ్ళీ నడిచి వెళ్ళేవాళ్ళు. 1870ల్లో రామపట్నం వేదాంత పాఠశాల మొదలయ్యాక చదువుకున్న బోధకులు అక్కడి నుంచి రాసాగారు. ఈ వల అల్లుకుంటూ పోవడంతో 1877 నాటికి ఒంగోలు సంఘ సభ్యులు మూడు వేలు దాటారు. అంటే కరువు ముదిరేలోపే ఎనిమిది మంది మూడు వేలయ్యారు. గంజి వాదం ముందుగా సమాధానం చెప్పాల్సింది ఈ అంకెకే.

మూడున్నర మైళ్ళ కాలువ

1876లో వానలు పోయాయి. తర్వాతి రెండేళ్ళు దక్షిణ భారతమంతా చూసిన కరువు మన చరిత్రలోని ఘోరాల్లో ఒకటి. 1877 జనవరిలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మట్టి తవ్వే మనిషికి అది చాలదని మద్రాసు వైద్యాధికారులు గట్టిగా వాదించారు. ఆ కొలత తర్వాత పెంచేలోపు ఎందరో పోయారు.

ఆ సమయంలో ప్రభుత్వం కోస్తా వెంట ఉప్పునీటి కాలువను ఉత్తరంగా పొడిగిస్తూ, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలుపుతోంది. అప్పటి గవర్నర్ పేరిట దాన్ని బకింగ్‌హామ్ కాలువ అన్నారు. క్లౌ అందులో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకున్నారు. పాదిరీ మట్టి కాంట్రాక్టు తీసుకోవడమేమిటని అనిపించవచ్చు. కారణం పక్కాగా పనికి సంబంధించినదే. ఎక్కువ కూలీ వచ్చేది కాంట్రాక్టు పనుల్లోనే, కానీ ఆ చోట్ల మాదిగలను మేస్త్రీలు కసురుకునేవాళ్ళు, గుంట కొలతలో కోత పెట్టేవాళ్ళు, వేరేవాళ్ళతో కలవనివ్వకుండా నెట్టేసేవాళ్ళు. తన చేతిలోనే పని ఉంటే కొలత తన చేతిలో ఉంటుంది.

మట్టి పనిలో మోసమంతా కొలత దగ్గరే. ఒక జట్టుకు గుంట గీసి ఇస్తారు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ గంపలకెత్తి గట్టు మీద పోస్తారు. సాయంత్రం గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపు గజాల లెక్కన డబ్బు. తవ్వని చోట మధ్యలో మట్టి దిమ్మె వదిలిపెడితే, మొదటి నేల మట్టం ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ దిమ్మె చెరిగిపోతే లోతు ఎంతని చెప్పినా నమ్మాల్సిందే. తీరపు ఇసుక నేలలో గట్లు జారి గుంట పూడితే, ఆ రోజు కష్టం మేస్త్రీ దయ మీద ఆధారపడుతుంది. నక్షా చదవగలిగిన, మట్టాలు చూడగలిగిన సర్వేయరు దగ్గర ఈ మోసం సాగదు. మిన్నెసోటా గొలుసు ఇక్కడ పనికొచ్చింది.

బోధకులనే ఆయన పర్యవేక్షకులుగా పెట్టారు. ఒక్కొక్కరి కింద దాదాపు వంద మంది. పొద్దున గుంట లెక్క చూసే మనిషే మధ్యాహ్నం విశ్రాంతి వేళ, రాత్రి పొయ్యిల దగ్గర మాట చెప్పేవాడు. వచ్చిన కూలీల్లో అన్ని మూలల నుంచీ, ఒంగోలు పేరు వినని పల్లెల నుంచీ మనుషులున్నారు. నెలల తరబడి ఒకే చోట ఉండి, కొలత న్యాయంగా ఉండడం కళ్ళారా చూసి, ఆ తర్వాత తమ తమ ఊళ్ళకు వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళుగా నడక మీద పరుచుకుంటూ వచ్చిన వల, ఆ కాలువ గట్టు మీద నెలల్లో ఎన్నో రెట్లు విస్తరించింది. 1878 అంకెలకు నాకు తెలిసి ఇంతకంటే సరైన వివరణ లేదు.

ఇక్కడే క్లౌ ఎవరూ ఊహించని పని చేశారు. కరువు సహాయం చేతిలో ఉన్నంతకాలం బాప్తిస్మం ఇవ్వనని చెప్పి, పదిహేను నెలలు ఆపేశారు. అడిగినవాళ్ళను వెనక్కి పంపారు. సహాయ నిధి అయిపోయాక, 1878 జూన్‌లో బోధకులను వెల్లంపల్లి రమ్మన్నారు, విశ్వాసులను మాత్రమే తీసుకురమ్మన్నారు. వేల మంది వెంట వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదని ఆయన చెప్పారు. మాకు డబ్బు అక్కర్లేదు, కష్టం చేసుకునే బతుకుతాం, చేర్చుకోండి అని వాళ్ళు కదలకుండా కూర్చున్నారు.

ఆ రోజు ఎలా జరిగింది

బాప్టిస్టులు చిన్న పిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తల మీద నీళ్ళు చల్లడమూ వాళ్ళ పద్ధతి కాదు, మనిషిని పూర్తిగా ముంచాలి. తన నోటితో విశ్వాసం ఒప్పుకోగలిగిన వయసు ఉండాలి. కాబట్టి 2,222లో చంటిపిల్లలు లేరు. ఇళ్ళు లెక్కపెడితే ఆ సంఖ్య వెనక ఇంకా ఎక్కువ మంది ఉన్నారు.

మొదటి మెట్టు విచారణ. బోధకుడు తన ఊళ్ళవాళ్ళను వేరుచేసి కూర్చోబెట్టుకుంటాడు. వీళ్ళు ఎవరు, ఎప్పటి నుంచి వింటున్నారు, ఆ మూడు నియమాలు పాటిస్తున్నారా అనేది అతనికి ముందే తెలుసు. సందేహం ఉన్నవాళ్ళను ఆగమన్నారు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు రాశారు. జనం ఎక్కువైనప్పుడు ఆలస్యం అయ్యేది ఏటిలో కాదు, ఈ విచారణ దగ్గరే. అది వారాల తరబడి జరిగింది కాబట్టే నీళ్ళ దగ్గర పని వేగంగా సాగింది.

ఆ రోజు ఏట్లో బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు నీళ్ళలో నిలబడతారు, వాళ్ళు అలసిపోతే మరో ఇద్దరు దిగుతారు. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. నడుము లోతులో నిలబడి మనిషిని వెనక్కి వాల్చి ముంచి లేపాలంటే చేతులూ నడుమూ పట్టేస్తాయి, కాళ్ళ కింద ఇసుక జారుతుంది. అందుకే జంటలు మారడం. ఒడ్డు మీద పేరు చదవగానే ఒకరు దిగుతారు, వాక్యం చెప్పి ముంచుతారు, అతను గట్టెక్కేలోపు తర్వాతివారు దగ్గరికి వస్తారు.

మధ్యాహ్నం ఆపిన సమయం తీసేస్తే పని జరిగింది సుమారు తొమ్మిది గంటలు, అంటే 540 నిమిషాలు. ఇద్దరు ఇస్తున్నారు కాబట్టి ఒక్కొక్కరి వంతు 1,111 మంది. మనిషికి 29 సెకన్లు. తొందర లేకుండా అయ్యే పనే. బైబిల్లో చెప్పిన పెంతెకొస్తు రోజున యెరూషలేములో మూడు వేల మందిని ఒకే రోజు ముంచడం సాధ్యమా అని ఎన్నో ఏళ్ళుగా వాదించుకుంటున్న పాశ్చాత్య పండితుల చర్చలోకి వెల్లంపల్లి ఈ కారణంగానే వెళ్ళింది.

ముందు రోజు జూలై 2న 614 మంది, మరునాడు 4న 700. మూడు రోజులకు 3,536. జూన్ 16 నుంచి జూలై 31 దాకా మొత్తం 8,691. ప్రసిద్ధమైన ఆ ఒక్క రోజు, ఆరు వారాల మొత్తంలో నాలుగో వంతు మాత్రమే. ఏడాది చివరికి సంఘ సభ్యులు 12,804.

ఇక గంజి ప్రశ్న. పదిహేను నెలల ఆపుదల దానికి బలమైన జవాబే గానీ పూర్తి జవాబు కాదు. కాలువ గట్టు మీద న్యాయంగా కూలీ ఇచ్చిన మనిషిని జనం మరిచిపోలేదు, మరిచిపోవాల్సిన అవసరమూ లేదు. ఆకలి తీరిన కృతజ్ఞత వేరు, నమ్మకం వేరు అని గీత గీయడం బయటి నుంచి చూసేవాళ్ళకు సులభం. మేర కోసం ప్రతి ఏడాదీ చెయ్యి చాపే మనిషికి, తన కొలత తగ్గించనివాడి దేవుడు నిజమైన దేవుడుగా కనిపిస్తే అందులో మోసం ఎక్కడుంది?

దాని తర్వాత వచ్చిన చిక్కులు మాత్రం నిజమైనవి. బాప్టిస్టు సూత్రం ప్రకారం ప్రతి స్థానిక సంఘం స్వతంత్రం. తన కాపరిని తానే ఎన్నుకోవాలి, తన ఖర్చు తానే పెట్టుకోవాలి. కానీ వందల పల్లెల వేల మంది ఒకే ఒంగోలు సంఘ సభ్యులుగా ఉండిపోయారు. 1883 నాటికి వాళ్ళు ఇరవై వేలు దాటారు. అంత పెద్ద బాప్టిస్టు సంఘం అప్పుడు ప్రపంచంలో ఇంకోటి లేదు. కొత్తగా చేరినవాళ్ళలో ఎక్కువమందికి చదువు రాదు. ఊరికో బోధకుడు లేడు. ఆ ఏడాది నుంచి క్షేత్రాన్ని ముక్కలు చేసి వేరే మిషనరీలకు అప్పగిస్తూ వచ్చారు. ఇంకో పరిమితి కులానిది. ఒంగోలు ఉద్యమం మాదిగల చుట్టరికాల మీద నడిచింది కాబట్టి ఆ చుట్టరికాలు ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది. మాలలు చాలాచోట్ల వేరే మిషన్ల వైపు వెళ్ళారు. రెండు పల్లెల మధ్య పాత దూరం చర్చి బెంచీల దాకా వచ్చింది.

1890 డిసెంబరు 28న ఒంగోల్లో మళ్ళీ ఒకే రోజు 1,671 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది దేశంలో అలాంటి కరువు లేదు, కాలువ కాంట్రాక్టూ లేదు. క్లౌ 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో చనిపోయారు. ఆ సంఘాల వారసులు నేడు నెల్లూరు కేంద్రంగా ఉన్న తెలుగు బాప్టిస్టు సమావేశం కింద ఉన్నారు. వాళ్ళ కుటుంబాల మీద వెల్లంపల్లి పేర్ల జాబితా నీడ ఇంకా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. ఏటి ఒడ్డున తాత పేరు చదివిన రోజున కళ్ళంలో మేర పోయింది. ఇప్పుడు కులధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడ్డ మనవడికి కౌంటరు దగ్గర మతం గడిలో ఏం రాయాలో చెప్పాల్సి వస్తోంది.